ఆదాయంతో పాటు ఆరోగ్యం: భద్రాచలం గిరిజన మహిళా సంఘాల ఆదర్శం

ఒకప్పుడు పొలాల్లో దినకూలీలుగా జీవనం సాగించిన భద్రాచలం ప్రాంత మహిళలు నేడు ఉత్పత్తిదారులుగా ఎదిగారు. స్వయం సహాయక సంఘంగా ఏర్పడి, శిక్షణ పొంది, చిరుధాన్యాలతో ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరిట బిస్కెట్ల తయారీ చేపట్టారు. ఈ బిస్కెట్లు హైదరాబాద్ నుండి లండన్ వరకు చేరుతున్నాయని 2025 జూన్ 29న ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ప్రస్తావించారు.

బాలికలకు బాసట

ఈ మహిళలు బిస్కెట్ల తయారీతో ఆగలేదు. ‘గిరి శానిటరీ ప్యాడ్స్’ తయారీకి శ్రీకారం చుట్టి, 3 నెలల్లో 40,000 ప్యాడ్లను సిద్ధం చేసి, పాఠశాలలకు, సమీప కార్యాలయాలకు తక్కువ ధరకు అందజేశారు. ఒక్కో బాలికకు నెలకు 10 ప్యాడ్లు అవసరమని లెక్కిస్తే, ఈ ఉత్పత్తి నెలకు సుమారు 1,300 మందికి సరిపోతుంది. రుతుస్రావ దినాల్లో బడి మానవలసిన దుస్థితిని తప్పించడంలో ఇటువంటి సరఫరా ఎంతగానో తోడ్పడుతుంది.

పోషకాహార లోపానికి స్థానిక పరిష్కారం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 సంవత్సరాల మహిళల్లో 57.6 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. ఈ నేపథ్యంలో స్థానిక ఆహార పదార్థాలకు ప్రాధాన్యం ఏర్పడింది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండగా, పాలిష్ పట్టిన బియ్యంలో అది సుమారు 10 మిల్లీగ్రాములు మాత్రమే. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సహకార పద్ధతిలో ఇప్పపువ్వు లడ్డూల తయారీ చేపట్టడం కూడా ఈ కోవలోనిదే.

చట్టం, పథకాల ఊతం

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై గిరిజనులకు యాజమాన్య హక్కు కల్పించింది. 2018 ఏప్రిల్ 14న ప్రారంభమైన వన్ ధన్ పథకం కింద 15 సంఘాలు, ఒక్కో సంఘంలో 20 మంది చొప్పున 300 మందితో ఒక కేంద్రం ఏర్పాటుకు అవకాశం కలిగింది. సేకరించిన సరుకును ముడిగానే అమ్మితే శుద్ధి, ప్యాకింగ్ ద్వారా వచ్చే లాభం వర్తకులకు చేరుతుంది. అదే పని గూడెంలోనే జరిగితే ఆ లాభం సభ్యుల కుటుంబాలకే దక్కుతుంది.

గమనించవలసిన అంశాలు

ఆహార ఉత్పత్తులకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు లేదా లైసెన్సు తప్పనిసరి. శానిటరీ ప్యాడ్ల నాణ్యతకు ఐఎస్ 5405 ప్రమాణం ఉన్నది. 2018 జూలైలో ప్యాడ్లకు జీఎస్టీ మినహాయింపు లభించినప్పటికీ, ముడిసరుకుపై చెల్లించిన పన్నును తిరిగి పొందే వీలు లేదు. కావున ధరను అందుబాటులో ఉంచుతూనే సభ్యులకు గిట్టుబాటు కల్పించడం సంఘాలకు సవాలే. ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాల నుండి క్రమం తప్పని కొనుగోళ్లు, సకాలంలో బిల్లుల చెల్లింపు జరిగినప్పుడే ఈ కృషి నిలదొక్కుకోగలదు.