ఓటీజీ నాది.. కోడి మాత్రం నాన్నది!

పోయినేడాది ఆఫర్‌లో ఒక ఓటీజీ కొన్నా. 40 లీటర్లు. లోపల వేడి గాలిని తిప్పే కన్వెక్షన్ ఫ్యాన్, కోడిని చువ్వకు గుచ్చితే గుండ్రంగా తిప్పే రోటిసరీ మోటారు.. అన్నీ ఉన్నాయి. రీల్స్‌లో చూసి మోజుపడ్డా. మొదటి నెలలో రెండు కేకులు, ఒక పిజ్జా చేశా. ఆ తర్వాత ఆరు నెలలు దానికి ఒకటే పని, మ్యాగీ ప్యాకెట్లు దాచిపెట్టడం. నిజం చెప్పండి, మీ ఇంట్లోనూ ఇలాంటి వస్తువు ఒకటి ఉంది కదా?

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. చదివింది మెకానికల్, రాసేది జావా. మా నాన్న బాపట్ల దగ్గర మా ఊళ్లో ట్రాక్టర్ మెకానిక్. ముప్ఫై ఏళ్లు షెడ్డు నడిపాడు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ కుడి చేతికి పట్టు పోయింది. స్పానర్ కాదు కదా, చొక్కా గుండీ కూడా పట్టలేని పరిస్థితి. ఫిజియోథెరపీ కోసమని అమ్మానాన్నల్ని మియాపూర్‌లో నా ఫ్లాట్‌కి తీసుకొచ్చా.

వచ్చినప్పటి నుంచి నాన్న సోఫా, టీవీ. అంతే. ఫిజియో ఇచ్చిన స్పాంజి బంతిని రోజుకి యాభైసార్లు నొక్కాలి. "చిన్నపిల్లాణ్నా నేను?" అని దాన్ని సోఫా కిందికి దొర్లించేసేవాడు. ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, "నాతో ఇక ఏం పనుందిలే" అనేవాడు. పక్క గదిలో మీటింగ్‌లో ఉన్న నాకు ఆ మాట వినపడేది. ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

మొదటి ఆదివారం.. అట్టర్ ఫ్లాప్

ఒక ఆదివారం మ్యాగీ ప్యాకెట్లన్నీ తీసి పక్కన పెట్టి, కోడిని కాలుద్దామని డిసైడయ్యా. చికెన్ షాపులో 'ఫుల్ కోడి, విత్ స్కిన్, ముక్కలు కొట్టొద్దు' అని మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. మన దగ్గర స్కిన్‌లెస్సే అలవాటు కదా, మాట పూర్తయ్యేలోపే కత్తి పైకి లేస్తుంది. కిలోన్నర కోడి తెచ్చి, మసాలా పట్టించి, చువ్వకు గుచ్చి, స్విచ్ వేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా.

పది నిమిషాలకే టక్.. టక్.. అని చప్పుడు. కోడి సగం చుట్టు తిరిగి ఆగుతోంది, తర్వాత ధబేల్‌మని కిందికి పడుతోంది. ఊడిపోయిన కాలు ఒకటి పైనున్న హీటింగ్ రాడ్‌కి తగిలి పొగ. దీనికి తోడు ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి ప్లాస్టిక్ కాలుతున్న వాసన. అమ్మ పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆఫ్ చేసేసింది. "కరెంటు బిల్లు చాలదన్నట్టు ఇల్లు కూడా తగలబెడతావా?" అని మొదలుపెట్టింది.

వెనకాల కర్ర చప్పుడు. నాన్న. లేచి వంటింటి దాకా రావడం అదే మొదటిసారి. అద్దంలోంచి లోపలికి కాసేపు చూసి ఒకే మాట అడిగాడు.

"బ్యాలెన్స్ చూశావా రా?"

రెండు గ్లాసుల టెస్టు

ఇక్కడ కొంచెం ఫ్లాష్‌బ్యాక్. మా ఊళ్లో కనుమ అంటే కోడి ఉండాల్సిందే. పెరట్లో ఇటుకలు పేర్చి, తుమ్మ మొద్దుల నిప్పులు పోసి, ఇనప చువ్వకు నాటుకోడిని గుచ్చి నాన్న కూర్చునేవాడు. గంటన్నర సేపు చువ్వను చేత్తో తిప్పుతూనే ఉండేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నన్ను కూడా. 'నీకు చేతకాదు, వెళ్లి చదువుకో' అనేవాడు. పక్షవాతం వచ్చాక మా పెరట్లో నిప్పులు పొయ్యలేదు.

చల్లారాక కోడిని బయటికి తీశాం. నాన్న చెప్పినట్టు రెండు స్టీలు గ్లాసులు బోర్లించి, చువ్వ రెండు కొసలూ వాటి మీద ఆనించా. కోడి తనంతట తానే గిర్రున తిరిగి, రొమ్ము వైపు కిందికొచ్చి ఆగింది. "అటు బరువుంది. చువ్వ నడిమధ్యలోంచి పోలేదు. టైరుకి బ్యాలెన్సింగ్ చెయ్యకపోతే బండి ఎలా కొట్టుకుంటుంది? ఇదీ అంతే" అన్నాడు.

నాలుగేళ్లు చదివిన డైనమిక్స్ ఆఫ్ మెషినరీ అప్పుడు గుర్తొచ్చింది. బరువు కేంద్రం చువ్వ మీద లేకపోతే, మోటారు సగం చుట్టులో ఆ బరువును పైకి మొయ్యాలి. మిగతా సగంలో బరువే మోటారును ముందుకు తోస్తుంది. ఆ టక్ టక్ చప్పుడు అదే. రోటిసరీ మోటారు చాలా చిన్నది, నిమిషానికి నాలుగైదు చుట్లకు మించి తిరగదు. ఇలా రోజూ కొట్టుకుంటే దాని పళ్లచక్రాలు అరిగిపోతాయి. ఆ సబ్జెక్టులో నాకు బ్యాక్‌లాగ్ ఉండేదని నాన్నకి ఇప్పటికీ తెలీదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. మా ఓటీజీ 1600 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 7 ఆంపియర్లు. ఫోన్ చార్జర్ పెట్టుకునే మామూలు సాకెట్ 6 ఆంపియర్లకే. అది చాలదన్నట్టు మధ్యలో ఎక్స్‌టెన్షన్ బాక్స్, అందులోనే మిక్సీ! వాసన రాక ఏం చేస్తుంది? గీజర్‌కి, ఏసీకి వాడే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌లోనే ఓటీజీని నేరుగా పెట్టాలి. అద్దె ఇంట్లో వంటగట్టు దగ్గర ఆ సాకెట్ లేకపోతే, ఓటీజీ కొనేముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

దారం ముడి

కోడి బ్యాలెన్స్‌గా తిరగాలంటే ముందు దాన్ని బిగించి కట్టాలి. రెక్కలు ఒంటికి అతుక్కోవాలి, కాళ్లు రెండూ కలిపి కట్టాలి. అప్పుడు ఎటు చూసినా గుండ్రంగా ఒకే ముద్దలా ఉంటుంది. దానికి నూలు దారమే వాడాలి. నైలాన్ అయితే వేడికి కరుగుతుంది.

పార్శిల్ కట్టేటప్పుడు చూశారా, మొదటి ముడి జారకుండా ఒకళ్లు వేలు పెడితేనే రెండో ముడి బిగుస్తుంది. ఆలోచించకుండానే అనేశా, "నాన్నా, ముడి మీద వేలు పెట్టు" అని.

కుడి చెయ్యి ముందుకొచ్చింది. బొటనవేలు ముడి మీద ఆనింది. నేను లాగా, వేలు జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. అమ్మ "నేను పడతాలే" అనబోతే నాన్న కళ్లతోనే వద్దన్నాడు. మూడోసారి పళ్లు బిగించి నొక్కాడు. ముడి నిలబడింది.

ఎవరం ఏమీ మాట్లాడలేదు. నాన్న చెయ్యి కడుక్కుని, కుర్చీ తెప్పించుకుని ఓటీజీ ముందు కూర్చున్నాడు. ఆ రోజు టీవీ పెట్టలేదు.

ఇప్పుడు మేం చేస్తున్న పద్ధతి

ఆ తర్వాత ఆదివారాలన్నీ ప్రయోగాలే. అన్నీ చేసి చూశాక ఇక్కడ సెటిలయ్యాం.

కోడి కిలో రెండొందల గ్రాములు దాటకూడదు. మీ మోడల్ చువ్వ ఎంత బరువు మోస్తుందో మాన్యువల్‌లో చూసుకోండి. అల్లం వెల్లుల్లి ముద్ద, గట్టి పెరుగు, గుంటూరు కారం, పసుపు, ధనియాల పొడి, నిమ్మరసం, కొంచెం నూనె పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడతాం. నాన్నకి బీపీ, అందుకే కిలోకి ఒక టీస్పూన్ ఉప్పే. చక్కెర, తేనె మొదట్లోనే రాస్తే మాడిపోతాయి. కావాలంటే ఆఖరి పది నిమిషాల్లో రాసుకోవచ్చు.

దారం కట్టి, గుచ్చి, రెండు గ్లాసుల టెస్టు పాసయ్యాకే లోపలికి. ముందు పావుగంట 200 డిగ్రీల్లో ఓవెన్‌ని వేడి చెయ్యాలి. తర్వాత పైనా కిందా రెండు రాడ్లు, ఫ్యాన్, రోటిసరీ ఆన్ చేసి 190లో గంటా పది నిమిషాలు. కింద ట్రేలో గ్లాసుడు నీళ్లు పోస్తే కారిన కొవ్వు మాడి పొగ రాదు. ఉడికిందో లేదో రంగు చూసి చెప్పొద్దు. వంట థర్మామీటర్‌ని తొడ భాగంలో ఎముకకు తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. తీశాక పది నిమిషాలు ఆగి కోస్తే రసమంతా ప్లేటులోకి కారిపోదు. స్కిన్ నాన్న తినడు, డాక్టర్ వద్దన్నాడు. అది నా వాటా.

కరెంటు గురించి అమ్మకి లెక్క వేసి చూపించా. 1600 వాట్లు గంటా పది నిమిషాలు ఆగకుండా కాలినా రెండు యూనిట్లు దాటదు. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా 15 రూపాయలు. పైగా వేడి చాలినప్పుడల్లా థర్మోస్టాట్ రాడ్లను ఆపేస్తుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. ఆ లెక్క తర్వాత అమ్మ కూడా పార్టీ మార్చింది. ఇప్పుడు పచ్చడికి వంకాయలు, వేరుశనగపప్పు, చిలగడదుంపలు అన్నీ అందులోనే.

తిప్పితే ఏమవుతుంది?

'మైక్రోవేవ్ ఉండగా ఇదెందుకు?' అని టీమ్‌లో చాలామంది అడిగారు. మైక్రోవేవ్ ప్రధానంగా ఆహారంలోని నీటిని వేడి చేస్తుంది. పైపొర ఎండదు, ఎర్రబడదు. కాల్చిన రుచి రావాలంటే పైన తడి ఆరి, వేడి దాదాపు 140 డిగ్రీలు దాటాలి. అప్పుడు ప్రొటీన్లు, చక్కెరలు కలిసి ఆ ఎర్ర రంగు, ఆ వాసన వస్తాయి. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయార్ పేరుతోనే మయార్ రియాక్షన్ అంటారు. ఫ్యాన్ వేడి గాలిని అన్ని మూలలకూ పంపుతుంది. కోడి తిరుగుతుంటే కారే రసం ఒకవైపే జారిపోకుండా ఒంటి చుట్టూ పాకుతుంది. నూనె పదేపదే రాయక్కర్లేదు.

మనుషులు ఈ తిప్పే పని తప్పించుకోవడానికి పడ్డ తిప్పలు చదివితే నవ్వొస్తుంది. పొయ్యి నుంచి లేచే వేడి గాలితో చువ్వ తిరిగే యంత్రాన్ని లియొనార్డో డావిన్సీ ఐదు వందల ఏళ్ల క్రితమే గీశాడు. బ్రిటన్‌లో అయితే వంటింటి గోడకు చక్రం బిగించి, అందులో పొట్టికాళ్ల కుక్కల్ని పరిగెత్తించి మాంసం తిప్పించేవాళ్లు. ఇది నాన్నకి చదివి వినిపించా. "అంటే ఇన్నేళ్లూ కనుమకి ఆ కుక్క పని నేను చేశానన్నమాట" అన్నాడు. చాలా రోజుల తర్వాత మా ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వాం.

కొనాలా, వద్దా?

నిజాయితీగా చెప్తా. ముందురోజు రాత్రి మసాలా పట్టించే ఓపిక లేకపోతే వద్దు. అన్నీ కలిపి గంటన్నర పైనే పడుతుంది. ఎండాకాలం వంటిల్లు కొలిమే. కడగడం పెద్ద పని, ముఖ్యంగా లోపలి గోడలు. ఇద్దరికి ఫ్రైలు, టిక్కాలు చాలనుకుంటే ఎయిర్ ఫ్రయ్యర్ సరిపోతుంది. అది కూడా ఫ్యాన్ ఉన్న చిన్న కన్వెక్షన్ ఓవెనే. నిప్పుల మీద వచ్చే పొగ వాసన మాత్రం ఓటీజీలో రాదు. నాన్న ప్రతి ఆదివారం మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఆ మాటే అంటాడు. అని, రెండో ముక్క అడుగుతాడు.

ఓటీజీ వల్ల చెయ్యి బాగుపడిందని చెప్పను. అది ఫిజియో కష్టం, నాన్న కష్టం. కాకపోతే ముడి గట్టిగా నొక్కాలని ఇప్పుడు స్పాంజి బంతి సోఫా మీదే ఉంటోంది. చొక్కా పై రెండు గుండీలు తనే పెట్టుకుంటున్నాడు.

ఈ కనుమకి ఊరెళ్లాం. పెరట్లో ఇటుకలు నేనే పేర్చా. తుమ్మ నిప్పులు పోశాం. దారం కట్టేటప్పుడు ముడి మీద వేలు నాన్నది. గ్లాసుల టెస్టు పాసయింది. చువ్వ కొస పట్టుకుని కాసేపు నిప్పుల వైపు చూసి, దాన్ని నా చేతికిచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"దీనికి మోటారు లేదు. ఫోన్ చూస్తూ ఆపేవు" అన్నాడు.

ఆపలేదు.