నేలకు ఆవిరి పడితే విషం వదులుతుందా?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని విసేలియాలో కరెంటు స్తంభాల యార్డు ఒకటి ఉండేది. చెక్క స్తంభాలకు చెదలు పట్టకుండా అక్కడ క్రియోసోట్ అనే తారునూనె పట్టించేవారు. అది దశాబ్దాల పాటు నేలలోకి ఇంకి, భూగర్భ జలాన్ని చేరింది. 1997లో నేలను తవ్వకుండానే, బోర్ల ద్వారా లోపలికి ఆవిరి ఎక్కించడం మొదలుపెట్టారు. 2000 నాటికి 5 లక్షల కిలోలకు పైగా కాలుష్యం వదిలింది. అయినా ఈ పద్ధతి మీద అపోహలు మాత్రం వదల్లేదు.

అపోహ: మట్టిని ఇటుకల బట్టీలోలా కాలుస్తారు.
వాస్తవం: మంట ఉండదు. ఆవిరితోనో, భూమిలో దించిన హీటర్లతోనో, మట్టి తడి గుండా కరెంటు పంపో వేడెక్కిస్తారు. చాలాచోట్ల నీళ్లు మరిగేంత వేడి సరిపోతుంది. లోహపు భాగాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్ 87 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది; నీటితో కలిసి ఉంటే 73 దగ్గరే. నీలగిరి తైలం తీసే కిటుకూ ఇదే. 170 డిగ్రీలు దాటితే గానీ మరగని ఆ నూనెను ఆకుల్లోంచి మామూలు ఆవిరే మోసుకొస్తుంది. డయాక్సిన్ లాంటి మొండి విషాలకైతే 300 డిగ్రీలు దాటించాల్సిందే.

అపోహ: నేలలో ఉన్న విషం గాలిలోకి చేరుతుంది.
వాస్తవం: ఊరికే వదిలేస్తే చేరుతుంది. అందుకే నేలపై కప్పు వేసి, పక్కనే దించిన బోర్ల ద్వారా ఆవిరిని పంపులతో లాగేస్తారు. ఇడ్లీ పాత్ర మూతకు నీటి చుక్కలు పట్టినట్టే, చల్లార్చగానే చాలా భాగం ద్రవంగా మారుతుంది. మిగిలిన వాయువును యాక్టివేటెడ్ కార్బన్ పట్టుకుంటుంది.

అపోహ: బంకమట్టి నేలల్లో ఇది పనిచేయదు.
వాస్తవం: నీరు పారడంలో ఇసుకకూ బంకమట్టికీ లక్షల రెట్ల తేడా ఉంటుంది. వేడి పాకడంలో ఆ తేడా కొద్ది రెట్లే. నీళ్లు తోడి కడగలేని బంకమట్టిలోకి కూడా హీటర్ల వేడి చేరుతుంది.

అపోహ: వేడికి లొంగని విషం లేదు.
వాస్తవం: సీసం, క్రోమియం లాంటి లోహాలు ఈ వేడికి ఆవిరి కావు, మట్టిలోనే ఉండిపోతాయి. 357 డిగ్రీల దగ్గర మరిగే పాదరసం ఇందుకు మినహాయింపు.

విసేలియా యార్డును 2009లో అమెరికా ప్రభుత్వం తీవ్రంగా కలుషితమైన స్థలాల సూపర్‌ఫండ్ జాబితా నుంచి తీసేసింది. అక్కడున్నది ఆవిరికి లొంగే నూనె కాబట్టే అది సాధ్యమైంది. ఏ నేలకైనా ముందు మట్టి పరీక్ష, ఆ తర్వాతే వేడి.