దొంతర రొట్టె

పల్నాటి జొన్న చాలా పాతది. సుమారు 600 ఏళ్ళ కిందట శ్రీనాథుడు అనే పెద్ద కవి ఈ సీమకు వచ్చాడు. ఎక్కడికి పోయినా జొన్నకూడే పెడుతున్నారని విసుక్కున్నాడు. ఆ విసుగుతో చాటు పద్యాలు కూడా చెప్పాడని అంటారు. ఆయన సన్నబియ్యం అన్నానికి అలవాటు పడ్డ మనిషి. ఆయన బాధ ఆయనది. ఇక్కడి జనం మాత్రం ఆ జొన్న తినే రాతినేలను దున్నారు, పిల్లల్ని పెంచారు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. నీళ్ళు పారిన చోటల్లా వరి వచ్చింది. రేషను బియ్యం వచ్చింది. మెల్లగా జొన్న వెనక్కి పోయింది. అయినా వినుకొండ చుట్టుపక్కల ఇళ్ళల్లో రొట్టెలు తట్టే చేతులు ఇంకా ఉన్నాయి. ఆ రొట్టెలతోనే రాత్రిపూట ఇంటిల్లిపాదికీ సరిపోయే ఒక వంట చేసుకోవచ్చు. దాన్ని దొంతర రొట్టె అందాం. దొంతి కుండల్లాగా ఒకదాని మీద ఒకటి పేరుస్తాం గనక ఆ పేరు.

ఈ పద్ధతి మనది కాదు. దీని పుట్టిల్లు చాలా దూరం. మెక్సికో అనే దేశం ఉంది. అమెరికాకు దక్షిణాన ఉంటుంది. అక్కడి జనానికి మొక్కజొన్నే ముఖ్యమైన తిండి. మొక్కజొన్న పిండితో పల్చని రొట్టె చేస్తారు. అందులో చిక్కుడు జాతి గింజల కూరో, మాంసమో పెట్టి మడిచి తింటారు. దాని పేరు టాకో. పక్కనున్న టెక్సాస్ రాష్ట్రంలో కూడా ఇది ఇంటింటి తిండి అయింది. ఒక్కో రొట్టె మడిచే ఓపిక లేని ఇల్లాళ్ళు ఇంకో ఉపాయం పట్టారు. లోతు గిన్నెలో ఒక వరస రొట్టెలు, ఒక వరస కూర పేర్చి, పైన జున్నులాంటి చీజ్ వేసి ఓవెన్‌లో పెడతారు. ఓవెన్ అంటే బేకరీ బట్టీకి చిన్న చెల్లెలు అనుకోండి. ఆ లోతు గిన్నెనూ, అందులో చేసిన వంటనూ క్యాసరోల్ అంటారు. మన దగ్గర క్యాసరోల్ అంటే వేడి నిలిచే డబ్బా. పేరు ఒకటే, పని వేరు. టెక్సాస్‌లో డాలస్ నగరం చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ పిల్లలకు టాకో అంటే మన పిల్లలకు పునుగులు ఎంతో అంత.

ఒక తమాషా చూడండి. ఆ వంటలో పడే మిరపకాయ, టమాటా, మొక్కజొన్న మూడూ అమెరికా ఖండాల పంటలే. వాస్కో డ గామా 1498లో కేరళ తీరానికి వచ్చాడు. ఆ తరవాతే పోర్చుగీసు ఓడల మీద మిరపకాయ మన దేశంలోకి దిగింది. అంటే గుంటూరు మిరపకాయ ముత్తవ్వది కూడా ఆ మెక్సికో వైపు ఊరే. శ్రీనాథుడు పల్నాడు వచ్చిననాటికి ఇక్కడ మిరపకాయ లేదు. పాపం, కారం లేని జొన్నకూడు తిన్నాడు. విసుక్కోడా మరి!

రొట్టె ఒక్కటే చాలదు

వంటలోకి పోయే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మెక్సికో వాళ్ళు మొక్కజొన్నను ఉత్తనే మర పట్టరు. సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి, అప్పుడు రుబ్బుతారు. వేల ఏళ్ళ అలవాటు అది. ఎందుకని? మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉంటుంది. కానీ అది గింజలో బిగుసుకుని ఉంటుంది. మన ఒంటికి పట్టదు. సున్నం తగిలితే విడిపోతుంది. ఐరోపా వాళ్ళు మొక్కజొన్నను పట్టుకుపోయారు గాని ఈ కిటుకు పట్టుకుపోలేదు. దాంతో ఇటలీ పేదలకూ, తరవాత అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలకూ పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పెచ్చులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. మతి చెదురుతుంది. ప్రాణం కూడా పోతుంది. చాలామంది దాన్ని అంటురోగం అనుకున్నారు. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు 1914, 1915 సంవత్సరాల్లో అమెరికాలోని అనాథ పిల్లల ఆశ్రమాల్లో పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు గింజలు పెట్టించి చూశాడు. జబ్బు తగ్గిపోయింది. అది తిండిలో లోటు వల్ల వచ్చే జబ్బని తేలింది.

ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోవద్దు. జొన్న మీదే బతికే మన దక్కను పేదల్లో కూడా ఈ జబ్బు కనిపించింది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఆయన తోటివాళ్ళు దీన్ని పరిశోధించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటం ఒక కారణం కావచ్చని 1960లో రాశారు.

అలాగని జొన్న చెడ్డది కాదు. జొన్న ఒక్కటే తినడం చెడ్డది. రొట్టెకు తోడు బొబ్బర్లో, వేరుశనగ గుళ్ళో, గుడ్డో ఉంటే లోటు తీరుతుంది. రొట్టెలో లేనిది పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైంది రొట్టెలో ఉంటుంది. ఒకదానికొకటి సాయం. అంతేగాని ఇది చదివి ఇంట్లో సున్నం తెచ్చి పిండిలో కలపబోకండి. మనకు ఆ అవసరం లేదు.

ఏమేం కావాలి?

ఆరుగురు ఉన్న ఇల్లు అనుకుందాం. అత్త, మామ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. వాళ్ళకు జొన్నపిండి అరకిలో కావాలి. బొబ్బర్లు పావుకిలో. కొందరు వీటిని అలసందలు అంటారు. టమాటాలు అరకిలో, పెద్ద ఉల్లిపాయలు మూడు, వెల్లుల్లి ఒక గడ్డ, పచ్చిమిరపకాయలు నాలుగు. వేరుశనగ గుళ్ళు 100 గ్రాములు. కోడిగుడ్లు నాలుగు. కారం, ఉప్పు, జీలకర్ర, పసుపు, నూనె ఇంట్లో ఉండేవే. ఒక నిమ్మకాయ, కాస్త కొత్తిమీర. పెరట్లో తోటకూర ఉంటే గుప్పెడు కోసుకురండి.

బొబ్బర్లు పొద్దున్నే నానబెట్టాలి. సాయంత్రానికి బాగా ఉబ్బుతాయి. ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళు పోసి ఉడికించాలి. కుక్కర్లో అయితే మూడు నాలుగు కూతలు చాలు. ఉత్త గిన్నెలో అయితే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. వేలితో నొక్కితే మెత్తగా నలగాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. టమాటాలు, బొబ్బర్లు ఒకేసారి పొయ్యి మీద పెట్టేస్తారు. పులుపు తగిలితే గింజ త్వరగా ఉడకదు. ఎంతసేపు ఉంచినా పలుకుగానే ఉంటుంది. అందుకని ముందు బొబ్బర్లు ఉడకాలి, ఆ తరవాతే పులుపు. ఉడికిన నీళ్ళు పారబోయకుండా పక్కన పెట్టుకోండి.

రొట్టెలు మామూలుగా చేసేట్టే. నీళ్ళు మరగబెట్టి పిండిలో పోసి, చెయ్యి పట్టేంత వేడిలో బాగా మర్దించాలి. అరకిలో పిండికి సుమారు ఎనిమిది రొట్టెలు వస్తాయి. పొద్దున చేసిన చద్దిరొట్టెలు అయితే ఇంకా మంచిది. ఆరిన రొట్టె కూర రసాన్ని బాగా పీలుస్తుంది. వేడి రొట్టె అయితే పిండి ముద్దగా అయిపోతుంది. పొద్దున పనికి పోయే ముందు ఎక్కువ రొట్టెలు తట్టి పెట్టుకుంటే రాత్రి సగం పని అయిపోయినట్టే.

ఇక కూర. మూకుడులో నాలుగు చెంచాల నూనె వేసి, జీలకర్ర చిటపటలాడాక దంచిన వెల్లుల్లి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి వేయించాలి. ఉల్లి ఎర్రబడ్డాక తోటకూర, టమాటాలు, పసుపు, ఉప్పు. టమాటా గుజ్జయ్యాక రెండు చెంచాల కారం వేయాలి. మన కారం ఘాటు ఎక్కువ. పిల్లలు ఉన్న ఇల్లయితే ఒక చెంచా చాలు. తరవాత ఉడికిన బొబ్బర్లు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ గుళ్ళు వేసి కలపాలి. పక్కన పెట్టిన నీళ్ళు పోసి కూరను జారుగా ఉంచాలి. అన్నంలోకి చేసే కూర కన్నా పల్చగా ఉండాలి. రొట్టెలు తాగేస్తాయి.

పేర్చే పని

మన ఇళ్ళల్లో ఓవెన్ లేదు కదా, మరి ఎట్లా? మన పెద్దవాళ్ళకు దిబ్బరొట్టె కాల్చడం తెలుసు. మందపాటి గిన్నెలో మినప్పిండి వేసి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసేవాళ్ళు. కింద సెగ, పైన సెగ. ఓవెన్ చేసే పని కూడా అదే. కట్టెల పొయ్యి ఉన్నవాళ్ళు ఇప్పుడూ అట్లా చేయవచ్చు. మూత ఇనుపదో, మందపాటి ఇత్తడిదో అయి ఉండాలి. పిల్లల్ని దగ్గరకు రానీయకూడదు. గ్యాసు పొయ్యి ఉన్నవాళ్ళు పొయ్యి మీద పెనం పెట్టి, పెనం మీద గిన్నె పెట్టాలి. మంట గిన్నెకు నేరుగా తగలదు. అడుగు మాడదు.

వెడల్పాటి మందపు తపేలా తీసుకోండి. లోపలంతా నూనె రాయండి. అడుగున మూడు రొట్టెలు పరవండి. సందులు లేకుండా తుంచి కప్పండి. దాని మీద సగం కూర. తరవాత రెండు రొట్టెలు, మిగిలిన కూర. పైన మూడు రొట్టెలు. చేత్తో మెల్లగా అదమండి. నాలుగు గుడ్లు గిలకొట్టి, ఉప్పు, కొత్తిమీర కలిపి పైన పోయండి. పక్కల నుంచి లోపలికి దిగుతుంది. దిగనీయండి. అదే అన్నిటినీ కలిపి పట్టుకునేది. గుడ్డు తినని ఇంట్లో నాలుగు చెంచాల శనగపిండిని పెరుగులో జారుగా కలిపి పోసుకోవచ్చు. అక్కడివాళ్ళు వేసే చీజ్ కోసం వెతుక్కోనక్కర్లేదు, ఖరీదు దండగ.

మూత పెట్టి సన్న సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. చీపురుపుల్ల కాదు, శుభ్రమైన చాకు మొన గుచ్చి చూడండి. పచ్చిగుడ్డు అంటుకోకపోతే అయినట్టే. దించాక ఒక పది నిమిషాలు కదిలించొద్దు. వేడిమీదే కోస్తే దొంతర కూలిపోతుంది.

ఆ పది నిమిషాల్లో అత్తగారు అడుగుతుంది, "ఏందమ్మా ఇది, రొట్టెను మళ్ళీ కాలుస్తావా?" అని. "కాస్త ఆగండి అత్తయ్యా, తిన్నాక చెప్పండి" అంటే సరి.

ఆరు ముక్కలు

ముందు నడిమికి కోయాలి. ఒక్కో సగాన్ని మూడు చేయాలి. ఆరుగురికి ఆరు ముక్కలు. ఇందులో ఉంది అసలు సంగతి.

మామూలుగా రాత్రి వంట ఎట్లా జరుగుతుంది? అన్నం ఒక గిన్నె, కూర ఒక గిన్నె. ముందు మగవాళ్ళు, పిల్లలు తింటారు. "ఇంకాస్త కూర వెయ్యి" అంటారు. వేస్తుంది. చివరికి వండిన మనిషి కూర్చునేసరికి గిన్నెలో అన్నం ఉంటుంది, కూర ఉండదు. పచ్చడి మెతుకులతో, నీళ్ళ మజ్జిగతో కానిచ్చేస్తుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. గిన్నెలో ఎంత ఉందో, ఎవరికి ఎంత పోయిందో కంటికి కనపడదు. అంతే.

దొంతర రొట్టెలో అది కనపడుతుంది. ఆరో ముక్క ఎవరిదో అందరికీ తెలుసు. అది తీసుకోవాలంటే చెయ్యి ముందుకు రాదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. పలక తెచ్చుకోండి. అరకిలో జొన్నపిండిలో మాంసకృత్తులు సుమారు 50 గ్రాములు. పావుకిలో బొబ్బర్లలో సుమారు 55. వేరుశనగ గుళ్ళలో 25. నాలుగు గుడ్లలో 24. అన్నీ కూడితే 154. దాన్ని ఆరుతో భాగిస్తే ఒక్కో ముక్కకు 25 గ్రాములు దాటుతుంది. 55 కిలోల బరువున్న ఆడమనిషికి రోజుకు సుమారు 46 గ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. అంటే ఒక్క ముక్కతో సగం పైనే అందుతుంది. ఆ ముక్క ఆమె నోటిదాకా చేరితేనే ఈ లెక్క.

ఇంకో అంకె. 2019-21లో దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నాయి. చివరన తినడం, తక్కువ తినడం వాటిలో ఒకటి. బొబ్బర్లలో, తోటకూరలో ఇనుము ఉంటుంది. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము బాగా ఒంటికి పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. గంట ఆగి తాగండి.

పల్నాటి కథ విన్నవాళ్ళకు చాపకూడు తెలుసు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని చెప్పుకుంటారు. ఆ సీమలోనే వండిన మనిషి మాత్రం పొయ్యి దగ్గర ఒంటరిగా తినడం ఇంకా ఉంది. ఊరి చాప కన్నా ఇంటి చాప పరవడం కష్టంలాగుంది! ఈ వంటలో వడ్డించే పని పెద్దగా లేదు. కోసి ఆరు కంచాల్లో పెట్టి, నీళ్ళ చెంబు, ఉల్లిపాయ ముక్కలు మధ్యలో ఉంచితే అందరూ ఒకేసారి కూర్చోవచ్చు. ఇంట్లో గర్భిణి ఉంటే కూర కాస్త ఎక్కువ చేసుకుని ఆమెకు పెద్ద ముక్క కోయండి. రొట్టె తిన్నాక కొందరికి రెండు ముద్దలు మజ్జిగన్నం లేనిదే నిద్ర పట్టదు. అది వాళ్ళ ఇష్టం.

సజ్జరొట్టెలతో కూడా ఇట్లాగే చేయవచ్చు. కాకపోతే సజ్జరొట్టె త్వరగా విరుగుతుంది గనక పొరలు కాస్త మందంగా పరవాలి. మొక్కజొన్న పిండి రొట్టెలు అయితే సరే సరి, పుట్టింటి పద్ధతే. ఆదివారం కోడి కైమా దొరికితే బొబ్బర్లు సగం తగ్గించి కైమా కలుపుకోవచ్చు. కైమా కలిపింది మిగిలితే తెల్లారిదాకా బయట ఉంచొద్దు. ఎండాకాలంలో గుడ్డు వేసింది కూడా అంతే, రాత్రికి రాత్రే తినేయాలి.