కారు ఆగినా ఆగని గొలుసు

సాయంత్రం పూట హైదరాబాదులో తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్ళే దారిలో కార్లు ఒక పట్టాన కదలవు. తలల మీదుగా మెట్రో సాగిపోతుంటుంది, కింద కారు మీటరులో మాత్రం కిలోమీటరు అంకె మారదు. అలా నిలిచిపోయిన కారు బానెట్టు కింద ఒక గొలుసు పరుగెడుతూనే ఉంటుంది. నిమిషానికి 800 చుట్ల వేగంతో నిలకడగా నడిచే ఇంజిన్ గంటకు 48,000 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుతోపాటూ ఆ గొలుసు కదలాల్సిందే. దాని పేరు టైమింగ్ చైను. పాత కారు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ దాని వయసును కిలోమీటర్లలో లెక్కేసుకుంటారు. ‘ఇది చైను ఇంజిన్, బెల్టు కాదు, జీవితాంతం చూసుకోనక్కర్లేదు’ అన్న భరోసా కూడా తరచుగా వినిపిస్తుంది. ఆ లెక్క తప్పు. ఆ భరోసా అంతకన్నా తప్పు. మన నగరంలో ఈ రెండు పొరపాట్లూ కలిసి ఇంజిన్ల ప్రాణం తీస్తాయి.

ముందు ఈ గొలుసు చేసే పని చూద్దాం. కారు ఇంజిన్‌లో పిస్టను గాలిని పీల్చుకుని, దాన్ని నొక్కి, ఇంధనం మండాక కిందికి తోసుకొచ్చి, చివరికి పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగు పనులకూ క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. అదే వ్యవధిలో వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరగాలి. అందుకే క్రాంకు మీది పళ్ళచక్రానికి 20 పళ్ళుంటే క్యామ్ మీది చక్రానికి 40 ఉంటాయి. గొలుసు ఆ రెంటినీ ముడి వేస్తుంది. ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 33 సార్లు తెరుచుకుంటుంది. ఏ డిగ్రీ దగ్గర తెరుచుకోవాలో, ఏ డిగ్రీ దగ్గర మూసుకోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఫ్లైవీలు మీద ఆ డిగ్రీలను గుర్తించి వాల్వ్ టైమింగ్ పటం గీయడం మెకానికల్ విద్యార్థులకు ప్రయోగశాలలో నేర్పే మూలపాఠాల్లో ఒకటి. అలాంటి పాఠాలు చెప్పే, 1929లో మొదలైన ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ తార్నాక చౌరస్తాకు దగ్గర్లోనే ఉంది. ఆ పటంలోని గీతలను రోడ్డు మీద ప్రతి క్షణం నిలబెట్టే బాధ్యత గొలుసుది. కాబట్టి దీన్ని బరువు లాగే గొలుసుగా కాక కాలాన్ని మోసే గొలుసుగా చూడాలి.

దీని వంశం మాంచెస్టర్ మిల్లుల్లో మొదలైంది. స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండు చేరిన హాన్స్ రెనాల్డ్ జౌళి యంత్రాలకు గొలుసులు చేసే చిన్న వ్యాపారాన్ని కొని, 1880లో బుష్ రోలర్ గొలుసుకు రూపమిచ్చాడు. కొత్తదనమంతా కీలులో ఉంది. పిన్ను సన్నని పలక అంచుల మీద రాసుకుంటే త్వరగా అరుగుతుంది. పిన్ను చుట్టూ గొట్టంలాంటి బుష్‌ను అమర్చితే ఒత్తిడి వెడల్పుగా పరుచుకుని కీలు ఎక్కువకాలం మన్నుతుంది. అంటే ఈ యంత్రభాగం పుట్టిందే అరుగుదలతో పోరాడటానికి. మన అంబాసిడర్ కారులో క్యామ్ షాఫ్టు ఇంజిన్ దిమ్మెలోనే క్రాంకు పక్కన ఉండేది, గొలుసు పొట్టిగా సరిపోయేది. తర్వాత క్యామ్ పైకెక్కి సిలిండరు హెడ్డులోకి చేరడంతో గొలుసు పొడవైంది, కీళ్ళు పెరిగాయి, ఊగకుండా పట్టి ఉంచడానికి గైడ్లూ టెన్షనరూ అవసరమయ్యాయి. ఆ బాదరబందీ వద్దనుకుని జర్మనీలో గ్లాస్ కంపెనీ 1962లో తన 1004 కారుకు పళ్ళ రబ్బరు బెల్టు పెట్టింది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లోనూ బెల్టే. బెల్టు చౌక, చప్పుడు తక్కువ. కానీ గడువు దాటితే తెగుతుంది. తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను గుద్ది వంచేస్తాయి. అందుకే గొలుసు మళ్ళీ వచ్చింది. ఫియట్, మారుతి, టాటా కార్లు మూడూ వాడుకున్న 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో ఉన్నది గొలుసే.

గొలుసు బెల్టులా తెగిపోయేది అరుదు. అది సాగుతుంది. నిజానికి ఇనుము సాగదు, కీళ్ళు అరుగుతాయి, ఆ అరుగుదలలన్నీ కూడి పొడవు పెరుగుతుంది. ఒక లెక్క వేద్దాం. క్రాంకు చక్రానికి 20 పళ్ళు, ఒక్కొక్క లింకు 8 మిల్లీమీటర్లు అనుకుంటే, గొలుసు 160 మిల్లీమీటర్లు కదిలితే క్రాంకు ఒక చుట్టు, అంటే 360 డిగ్రీలు. లాగే వైపు 60 కీళ్ళున్నాయి, ఒక్కొక్కటీ సగటున 0.02 మిల్లీమీటరు అరిగింది అనుకోండి. అది మామూలు కాగితం మందంలో ఐదో వంతు. అన్నీ కలిస్తే 1.2 మిల్లీమీటర్లు, క్రాంకు మీద 2.7 డిగ్రీల ఆలస్యం. ఇక్కడే ఒక అపోహ పుడుతుంది: టెన్షనర్ ఉంది కదా, అదే సర్దుకుంటుంది అని. టెన్షనర్ నెట్టేది వదులుగా ఉండే వైపును. లాగే వైపు పెరిగిన పొడవును అది తగ్గించలేదు. చప్పుడును ఆపగలదు, ఆలస్యాన్ని ఆపలేదు. అందువల్ల నిశ్శబ్దంగా ఉన్న గొలుసు బాగున్న గొలుసని చెప్పడానికి వీల్లేదు. నేటి కార్లలో క్రాంకు సెన్సారు, క్యామ్ సెన్సారు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు వెలిగే హెచ్చరిక దీపం, స్కానరులో కనిపించే పి-0016 కోడ్ చాలాసార్లు చెవికి అందని ఈ ఆలస్యానికే సాక్ష్యాలు.

ఇప్పుడు కిలోమీటర్ల సంగతి. హైవే మీద 80 కిలోమీటర్ల వేగంతో ఇంజిన్ 2,000 చుట్ల దగ్గర నడిస్తే గంటకు 1,20,000 చుట్లు, అంటే కిలోమీటరుకు 1,500. నగరంలో సగటు వేగం 15 కిలోమీటర్లు, ఇంజిన్ సగటున 1,500 చుట్లు అనుకుంటే గంటకు 90,000, కిలోమీటరుకు 6,000. నాలుగింతలు! వరంగల్ దారిలో తిరిగిన కారూ తార్నాక సిగ్నళ్ళ మధ్య తిరిగిన కారూ మీటరులో ఒకే 60,000 చూపించవచ్చు, వాటి గొలుసులు పడిన శ్రమ మాత్రం ఒకటి కాదు. నిలిచి ఉన్న ఇంజిన్ మీద బరువు తక్కువ కదా, అరుగుదలా తక్కువే ఉండాలి కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాలుగింతల చుట్లంటే కచ్చితంగా నాలుగింతల అరుగుదల అని నేను అనడం లేదు. కానీ వాల్వు స్ప్రింగులను నొక్కే బలం కారు ఆగిందని తగ్గదు. పైగా వేగం తగ్గేకొద్దీ పిన్నుకూ బుష్‌కూ మధ్య నిలిచే నూనె పొర పలచబడుతుంది, ఆయిలు పంపు ఒత్తిడీ తగ్గుతుంది. చిన్న దూరాలకు పూర్తిగా వేడెక్కని ఇంజిన్‌లో కాలని ఇంధనం ఆయిలులో కలుస్తుంది. డీజిల్ అయితే మసి చేరి సన్నని గరుకుపొడిలా కీళ్ళను తింటుంది. కాబట్టి గొలుసు ఆయువు ఇనుములో కన్నా నూనెలో ఎక్కువ ఉంది. 1944లో నిజాం ప్రభుత్వ పరిశోధనశాలగా మొదలై నేడు ఐఐసీటీగా తార్నాకలో నిలిచిన సంస్థలో నూనెలు, కొవ్వుల రసాయనం పాత విభాగం. ఆ శాస్త్రానికీ రోడ్డు మీది ఇంజిన్‌కూ ఉన్న చుట్టరికాన్ని మనం గుర్తించడం లేదు.

కంపెనీలే గొలుసు మార్చే గడువు చెప్పనప్పుడు మనకెందుకీ బెంగ అనేవారూ ఉంటారు. గడువు చెప్పకపోవడం అమరత్వానికి హామీ కాదు. అవే కంపెనీల పుస్తకాలు తెరిస్తే, ఆగుతూ సాగే ట్రాఫిక్‌ను కఠిన వాడకంగా లెక్కగట్టి, ఆయిలును త్వరగా మార్చమని, కిలోమీటర్లతోపాటు నెలలనూ చూడమని సాధారణంగా రాసి ఉంటుంది. గొలుసుకు గడువు అక్కడే, ఆ ఆయిలు పట్టికలోనే దాగి ఉంది.

గొలుసు మార్చక తప్పని రోజున పని తీరు కూడా ఈ వాదననే బలపరుస్తుంది. అది బోల్టులు విప్పి బిగించడంతో అయ్యేది కాదు, అడుగడుగునా కొలత. మొదటి సిలిండరు పిస్టనును పైకొసకు తెచ్చి, చక్రాల మీది గుర్తులకు గొలుసులోని రంగు లింకులను కలపాలి. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. లాగే వైపు ఒక్క పన్ను తప్పినా 18 డిగ్రీల తేడా. అరిగిన పళ్ళచక్రం మీద వేస్తే కొత్త గొలుసూ త్వరగా పాడవుతుంది గనుక చక్రాలు, గైడ్లు, టెన్షనర్ కలిపి మార్చడమే మేలు. తర్వాత టెన్షనరును పట్టి ఉంచిన పిన్ను లాగి, స్టార్టరు ముట్టుకోకుండా, క్రాంకును చేత్తో నిండా రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా తట్టుకుంటే ఆగిపోవాలి. రెండు చుట్ల తర్వాత చక్రాల గుర్తులు తిరిగి కలుస్తాయి, రంగు లింకులు కలవవు. అది చూసి కంగారుపడనక్కర్లేదు. మన ఉదాహరణలో గొలుసుకు 130 లింకులుంటే, అవి రెండు చక్రాల గుర్తులతోనూ మళ్ళీ కలవడానికి క్రాంకు 26 చుట్లు తిరగాలి.

కరెంటు కార్లలో ఈ గొలుసు ఉండదన్నది నిజమే. అయితే నేడు రోడ్డు మీదున్న ఇంజిన్ కార్లు ఇంకా ఎన్నో ఏళ్ళు తిరుగుతాయి. వాటిని ముందే తుక్కుకు పంపడం వాటి యజమానికీ నష్టం, వాటికోసం ఖర్చుపెట్టిన ఇనుముకూ నష్టం. అందుకే నగరంలో కారు నడిపేవారికి నా విన్నపం ఇది: కిలోమీటర్లు నిండకపోయినా నెలలు నిండితే ఆయిలు మార్పించండి. పాత కారు కొనేముందు అది ఎంత దూరం తిరిగిందనే కాక ఎక్కడ తిరిగిందో, ఆయిలు ఎప్పుడెప్పుడు మారిందో అడగండి. గొలుసు మార్పిస్తే, తాళం తిప్పేముందు క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి చూపించమని మెకానిక్కును కోరండి.