ఎలెన్ వైట్ దర్శనాలు, ఆరోగ్య సంస్కరణ

ఎలెన్ గౌల్డ్ వైట్ (నవంబరు 26, 1827 - జూలై 16, 1915) అమెరికాకు చెందిన క్రైస్తవ రచయిత్రి, సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘ స్థాపకులలో ఒకరు. తనకు దేవుని నుండి దర్శనాలు కలుగుతున్నాయని ఆమె చెప్పేది. సంఘస్థులు ఆమెను ప్రవక్త్రిగా గౌరవించారు. 1863లో మిచిగాన్ రాష్ట్రంలోని ఒట్సెగోలో కలిగిన దర్శనంతో ఈ సంఘంలో ఆరోగ్య సంస్కరణ ఊపందుకున్నది. మద్యం, పొగాకు, టీ, కాఫీ, మాంసం విడిచిపెట్టడం, మందులకు బదులుగా నీరు, గాలి, ఎండ, విశ్రాంతి, మితాహారాలపై ఆధారపడడం ఇందులోని ముఖ్యాంశాలు. ఇవి దర్శనంలో తెలిసినవా, లేక అప్పటి పుస్తకాల నుండి గ్రహించినవా అన్న ప్రశ్న ఆమె జీవితకాలంలోనే తలెత్తింది.

నేపథ్యం

న్యూయార్కు రాష్ట్రానికి చెందిన రైతు, బాప్టిస్టు బోధకుడు విలియం మిల్లర్ బైబిలులోని ప్రవచనాలను లెక్కగట్టి, క్రీస్తు రెండవ రాకడ సమీపించినదని ప్రకటించాడు. చివరకు అతని అనుచరులు 1844 అక్టోబరు 22ను ఆ దినంగా నమ్మారు. పంటలు కోయక, అంగళ్ళు మూసి ఎదురుచూసినవారు కూడా ఉన్నారు. ఏమీ జరగలేదు. చరిత్రలో దీనిని 'మహా ఆశాభంగం' అంటారు.

ఆ నిరాశలో మిగిలినవారిలో మెయిన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ పట్టణంలోని ఎలెన్ హార్మన్ ఒకరు. ఆమె తండ్రి టోపీలు తయారు చేసేవాడు. తొమ్మిదేళ్ళ వయసులో తోటి విద్యార్థిని విసిరిన రాయి ముఖానికి తగలడంతో ఆమె చాలాకాలం మంచాన పడింది, చదువు ఆగిపోయింది. 1844 డిసెంబరులో, పదిహేడేళ్ళ వయసులో, ఆమెకు తొలి దర్శనం కలిగింది. 1846లో జేమ్స్ వైట్ అనే యువ బోధకుని వివాహమాడింది. ఈ దంపతులు, మాజీ ఓడ కెప్టెన్ జోసెఫ్ బేట్స్ కలిసి, శనివారాన్ని విశ్రాంతి దినంగా ఆచరించే ఒక చిన్న సమూహాన్ని కూడగట్టారు. 1863 మే నెలలో ఇది బాటిల్ క్రీక్ పట్టణంలో పూర్తిస్థాయి సంఘంగా ఏర్పడినప్పుడు సభ్యులు సుమారు 3,500 మంది.

అప్పటి వైద్యం

19వ శతాబ్దపు మొదటి సగంలో అమెరికా వైద్యులు రోగి రక్తం తీసేవారు, పాదరస సమ్మేళనమైన కేలొమెల్‌ను విరివిగా ఇచ్చేవారు. రోగం కంటే చికిత్సే ప్రమాదకరమైన సందర్భాలు తక్కువేమీ కావు. దీనికి ప్రతిగా అనేకమంది సంస్కర్తలు బయలుదేరారు. ప్రెస్బిటేరియన్ బోధకుడు సిల్వెస్టర్ గ్రాహం (1794-1851) శాకాహారాన్ని, పొట్టు తీయని గోధుమపిండి రొట్టెను ప్రచారం చేశాడు. మిల్లర్ అనుచరుడైన వైద్యుడు లార్కిన్ కోల్స్ ఆరోగ్య నియమాలను ఉల్లంఘించడం పాపమేనని వ్రాశాడు. జేమ్స్ జాక్సన్ న్యూయార్కు రాష్ట్రంలోని డాన్స్‌విల్‌లో జలచికిత్సాలయం నడిపాడు. తెలుగువారు ప్రకృతి చికిత్స పేరుతో ఎరిగిన తొట్టిస్నానాలు, తడిపట్టీలు ఈ జలచికిత్స కోవకు చెందినవే.

అడ్వెంటిస్టులలో బేట్స్ ఒక్కడే చాలాకాలం ముందునుండి మద్యం, పొగాకు, టీ, కాఫీ, మాంసం మానివేశాడు. ఎలెన్ వైట్ 1848 నుండే పొగాకు, టీ, కాఫీలకు వ్యతిరేకంగా మాట్లాడినప్పటికీ, మాంసం విషయంలో ఆమె వైఖరి అప్పట్లో భిన్నంగా ఉండేది. పంది మాంసం తినరాదని బోధించిన స్టీఫెన్ హాస్కెల్‌ను 1858లో ఆమె మందలించింది. దేవుడు కోరితే ఒకరిద్దరికి కాక సంఘమంతటికీ తెలియజేస్తాడని ఆమె వాదన. ఐదేళ్ళ తరువాత ఆమె బోధ మారింది.

ఒట్సెగో దర్శనం

1863 జూన్ 5 శుక్రవారం సాయంత్రం వైట్ దంపతులు ఒట్సెగోలో ఏరన్ హిలియర్డ్ ఇంట ప్రార్థనలో ఉండగా ఈ దర్శనం కలిగింది. సూర్యాస్తమయంతో విశ్రాంతి దినం మొదలవుతుంది కనుక కొన్ని పుస్తకాలలో ఇది జూన్ 6గా కనిపిస్తుంది. ఆరోగ్యాన్ని కాపాడుకోవడం దైవభక్తిలో భాగమని, మత్తు పదార్థాలు, ఘాటైన మందులు, మాంసాహారం, అమితభోజనం శరీరాన్ని చెరుస్తాయని తనకు చూపబడినట్లు ఆమె తెలిపింది. అధికశ్రమతో కృశిస్తున్న జేమ్స్‌కు, తనకు కూడా అందులో హెచ్చరిక ఉన్నదని చెప్పింది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. అదే సంవత్సరం ఆరంభంలో ఆమె కుమారులు ఇద్దరికి కంఠసర్పి సోకినప్పుడు, పత్రికలో వచ్చిన జాక్సన్ వ్యాసం చూసి నీటిచికిత్స చేసి నయం చేసుకున్నది. జేమ్స్ ఆ వ్యాసాన్ని ఫిబ్రవరిలో సంఘ పత్రికలో పునర్ముద్రించాడు. అంటే దర్శనానికి కొన్ని నెలల ముందే జలచికిత్స ఆ ఇంటికి తెలుసు.

అయినా ఆచరణ అంత తేలికగా స్థిరపడలేదు. 1863 డిసెంబరులో పెద్ద కుమారుడు హెన్రీకి న్యుమోనియా వచ్చినప్పుడు సాధారణ వైద్యుని పిలిపించి మందులు వాడారు. పదహారేళ్ళ హెన్రీ డిసెంబరు 8న మరణించాడు. రెండు నెలలకే చిన్నవాడైన విలియంకు అదే వ్యాధి సోకింది. ఈసారి తల్లిదండ్రులు వైద్యుని పిలువక, నీటిచికిత్సనే నమ్ముకున్నారు. తొమ్మిదేళ్ళ ఆ బాలుడు కోలుకున్నాడు. రెండు ఉదాహరణలతో ఒక చికిత్స గుణాన్ని నిర్ణయించలేము గానీ, మందులపై ఆమె తరువాతి వ్రాతలలోని తీవ్రతకు ఈ అనుభవం కొంత కారణమై ఉండవచ్చును.

బాటిల్ క్రీక్

1864లో ఆమె ఆరోగ్యంపై తన అభిప్రాయాలను వివరంగా ప్రచురించింది. 1865 ఆగస్టులో జేమ్స్‌కు పక్షవాతం రావడంతో దంపతులు డాన్స్‌విల్‌లో సుమారు మూడు నెలలు ఉన్నారు. అక్కడి చికిత్సను మెచ్చుకున్నా, ఆటపాటలు, మత వాతావరణం ఆమెకు నచ్చలేదు. సంఘానికి సొంత ఆరోగ్యశాల కావాలని ఆ డిసెంబరులో మరొక దర్శనం చెప్పింది. 1866 సెప్టెంబరులో బాటిల్ క్రీక్‌లో 'వెస్టర్న్ హెల్త్ రిఫార్మ్ ఇన్‌స్టిట్యూట్' ప్రారంభమైంది.

1876లో దీని బాధ్యత చేపట్టిన యువ వైద్యుడు జాన్ హార్వే కెల్లాగ్ దీనిని ప్రపంచ ప్రసిద్ధమైన 'బాటిల్ క్రీక్ శానిటేరియం'గా మార్చాడు. నేడు మన ఊళ్ళలోని దుకాణాలలోనూ దొరికే కార్న్‌ఫ్లేక్స్ అక్కడి రోగుల పథ్యం కోసం కెల్లాగ్ సోదరులు చేసిన ప్రయోగాల ఫలితమే. 1902లో భవనం కాలిపోయింది. సంఘ నాయకత్వంతో విభేదించిన కెల్లాగ్‌ను 1907లో సంఘం నుండి తొలగించారు.

మూలాల వివాదం

తన అభిప్రాయాలను పుస్తకాలపై గానీ ఇతరులపై గానీ ఆధారపడక వ్రాశానని, ఇతర సంస్కర్తల రచనలు ఆ తరువాతనే చదివానని 1867లో ఎలెన్ వైట్ ప్రకటించింది. 1976లో చరిత్రకారుడు రోనాల్డ్ నంబర్స్ తన గ్రంథంలో కోల్స్ మొదలైనవారి రచనలకు, ఆమె రచనలకు గల పోలికలను పేర్కొని దీనిని ప్రశ్నించాడు. అడ్వెంటిస్టు కుటుంబంలోనే పుట్టిన ఆయన, ఈ గ్రంథం కారణంగా లోమా లిండా విశ్వవిద్యాలయంలోని ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఆమె రచనలను భద్రపరచే సంస్థ అదే ఏడాది సుదీర్ఘమైన ఖండన ప్రచురించింది. పదాలు అరువు తెచ్చుకున్నంత మాత్రాన ప్రేరణ లేనట్లు కాదని, అనేక సిద్ధాంతాల నుండి మంచిని ఏరుకోవడమే విశేషమని విశ్వాసులు వాదిస్తారు.

ఆమె చెప్పినవన్నీ నిలువలేదు. హస్తప్రయోగం వలన ఘోరవ్యాధులు కలుగుతాయని 1864లో ఆమె వ్రాసినది ఆనాటి వైద్యుల అభిప్రాయమే. ఆధునిక వైద్యం దానిని అంగీకరించదు. స్త్రీలకు ఆమె సూచించిన పొట్టిగౌను, పైజామా దుస్తులను వ్యతిరేకత వలన 1875లో ఆమే విరమించింది. మాంసాన్ని పూర్తిగా మానినది 1894లో, ఆస్ట్రేలియాలో ఉండగా.

సంస్కరణలో కొత్త అంశాలు తక్కువే అయినా, ఒక భేదం మాత్రం స్పష్టం. గ్రాహం ఉద్యమం ఆయనతోనే క్షీణించింది, జలచికిత్సాలయాలు ఒక తరం గడిచేసరికి చాలావరకు మూతబడ్డాయి. అడ్వెంటిస్టులకు అదే నియమం దైవాజ్ఞగా అందింది కాబట్టి తరతరాలుగా నిలిచింది.

తరువాతి కాలం

మద్యం, పొగాకు, పంది మాంసం సంఘ సభ్యులకు నిషిద్ధం. శాకాహారాన్ని సిఫారసు చేస్తారు గానీ నిర్బంధించరు. లోమా లిండా విశ్వవిద్యాలయం 1958 నుండి ఈ సభ్యుల ఆరోగ్యాన్ని పరిశీలిస్తున్నది. 2001లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, కాలిఫోర్నియాలోని శ్వేతజాతి అడ్వెంటిస్టు పురుషుల ఆయుర్దాయం అక్కడి ఇతర శ్వేతజాతీయుల కంటే సుమారు 7.3 సంవత్సరాలు, స్త్రీలది 4.4 సంవత్సరాలు ఎక్కువ. ఆహారంతో పాటు పొగ త్రాగకపోవడం, వ్యాయామం వంటివి కూడా ఇందులో కలిసి ఉన్నాయి.

ఈ సంఘం అనేక దేశాలలో ఆసుపత్రులు నడుపుతున్నది. ఏలూరు జిల్లా నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి కూడా ఈ సంఘం నెలకొల్పినదే.