నొప్పి మాత్రలు: ఆహారం, పానీయాలతో పాటించవలసిన జాగ్రత్తలు

ఈ భాగం చదివిన తరువాత మీరు రెండు రకాల నొప్పి మాత్రల మధ్య తేడాను గుర్తించగలుగుతారు. ఏ మాత్రను తిన్న తరువాత వేసుకోవాలో, ఏ పరిస్థితిలో అసలు వేసుకోకూడదో వివరించగలుగుతారు.

1. పరిచయం

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామలలో మిరప కోతల రోజులను గుర్తుకు తెచ్చుకోండి. ఒక కూలీ నడుము నొప్పికి పరగడుపున టీతో డైక్లోఫెనాక్ మాత్ర వేసుకొని చేనికి బయలుదేరింది అనుకుందాం. మధ్యాహ్నం దాకా తిండి లేదు. ఎండలో తాగిన నీళ్లూ తక్కువే. ఇందులో పొరపాట్లు ఏమిటో చూద్దాం.

2. రెండు రకాల మాత్రలు

పారాసిటమాల్ నొప్పిని, జ్వరాన్ని తగ్గిస్తుంది. వాపుపై పెద్దగా పనిచేయదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఆస్పిరిన్ వాపును కూడా తగ్గిస్తాయి. ఈ రెండో రకం మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ చూపారు. 1982 నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు.

ప్రోస్టాగ్లాండిన్లు నొప్పిని పెంచుతాయి. కాని జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందేలా చూసేవీ అవే. అందువల్ల నొప్పితో పాటు ఈ రక్షణ కూడా తగ్గుతుంది.

3. ఆహారం

పారాసిటమాల్‌ను పరగడుపున కూడా వేసుకోవచ్చు. రెండో రకం మాత్రలను అన్నమో టిఫినో తిన్న వెంటనే వేసుకోవాలి. టీ తిండి కిందికి రాదు. తిన్నంత మాత్రాన పుండు పడే ప్రమాదం పూర్తిగా పోదు. మందు రక్తంలో కలిసి కూడా ఈ రక్షణను తగ్గిస్తుంది. సూది మందైతే కడుపుకు హాని లేదనుకోవడం ఇందుకే అపోహ.

4. పానీయాలు

మాత్రను గ్లాసు నిండా మంచినీళ్లతో మింగండి. మజ్జిగ తాగినా ఇబ్బంది లేదు. సారా, కల్లు, బీరు వంటివి తాగితే రెండో రకం మాత్రలతో కడుపులో రక్తస్రావం, ఎక్కువ పారాసిటమాల్‌తో కాలేయ హాని జరిగే ప్రమాదం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ ఉన్నప్పుడు రెండో రకం మాత్రలు వద్దు. ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండల తండాల్లో ఎందరో మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారు. అలా దెబ్బతిన్న మూత్రపిండాలకు ఈ మాత్రలు మరింత హాని చేస్తాయి.

5. మోతాదు, మినహాయింపులు

• ఆరోగ్యవంతులైన పెద్దలకు పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు మించకూడదు. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఏడు వేసుకుంటే ఆ హద్దు దాటినట్లే. కాలేయ జబ్బు ఉన్నవారికి, రోజూ మద్యం తాగేవారికి హద్దు ఇంకా తక్కువ.
• డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్రలు ఉన్నాయి. అట్ట మీది మందు పేర్లు చదవకుండా మరో మాత్ర కలపవద్దు.
• కడుపులో పుండు, గుండె జబ్బు, గర్భం ఉన్నవారు, రక్తపోటు మాత్రలు వాడేవారు రెండో రకాన్ని డాక్టరును అడగకుండా వాడకూడదు. డెంగీ అనుమానం ఉంటే వాటి జోలికి పోవద్దు.
• నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వడాన్ని మన దేశంలో 2011లో నిషేధించారు.

మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, మూత్రం బాగా తగ్గినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. పరిచయంలోని కూలీ చేసిన పొరపాట్లు ఏవి? ఆమెకు మీరిచ్చే సలహా ఏమిటి?
2. మీ ఇంట్లో ఉన్న నొప్పి మాత్రల అట్టలు చూసి, అవి ఏ రకానికి చెందినవో రాయండి.