నీరు తొలిచిన దారిలో తొలి అడుగులు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర, నాపరాళ్ల నేల కింద, 3,229 మీటర్ల పొడవున బెలుం గుహలు ఉన్నాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని వెలుగులోకి తెచ్చాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1982–83లో, డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలతలు తీసింది. ఇప్పుడు ఒకటిన్నర కిలోమీటర్ల దారికి మెట్లు, దీపాలు ఉన్నాయి. స్నేహితులతో కలిసి గుహలు చూడాలనుకునేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడం మేలు. దీపాలు లేని గుహల్లోకి వెళ్లాలంటే మాత్రం అనుభవమున్నవాళ్లు వెంట ఉండాలి, కొన్ని నియమాలు పాటించాలి. గుహ ఎలా పుట్టిందో తెలిస్తే ఆ నియమాలను బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

రాతిని కరిగించే వాన

వాననీరు గాలిలో కొంత, మట్టిలో ఇంకా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది నాపరాయి లాంటి సున్నపురాతి పగుళ్లలోకి దిగి, లక్షల ఏళ్లపాటు రాతిని కరిగిస్తూ దారులు చేస్తుంది. బెలుంలో గోడలు నున్నగా వంపులు తిరిగి ఉండటం నీటి పనే. పాతాళగంగ అనే చోట, ముఖద్వారానికి 46 మీటర్ల దిగువన, ఇప్పటికీ నీరు పారుతోంది.

అంటే గుహ నీటి దారి. భారీ వాన కురిస్తే నీరు మళ్లీ తన దారికే రావచ్చు. గుహ మీద చినుకు పడకపోయినా, పైన ఎక్కడో కురిసిన వాన లోపలికి వరదగా చేరవచ్చు. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ ఇలాగే చిక్కుకుపోయారు. వాళ్లు బతికే ఉన్నారని జూలై 2న తెలిసింది. జూలై 10కి అందరినీ బయటకు తెచ్చారు, కానీ ఆ ప్రయత్నంలో ఒక గజ ఈతగాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అందుకే వానాకాలంలో గుహల జోలికి పోకూడదు. లోపల పైకప్పుకు బురద, గడ్డిపరకలు అంటుకుని కనిపిస్తే వరద అంత ఎత్తుకు వచ్చిందన్నమాట. అలాంటి చోట ఆగకూడదు.

గాలి, చీకటి

గాలి ఆడని పల్లపు చోట్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. తలనొప్పి వచ్చినా, ఊరికే ఆయాసం వచ్చినా వెంటనే వెనక్కి తిరగాలి. గుహలోని వేడి దాదాపుగా ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతతో సమానంగా ఉంటుంది. మన దగ్గర ఆ సగటే ఎక్కువ కాబట్టి లోపల ఉక్కపోస్తుంది, తేమకు చెమట ఆరదు. మంచినీళ్లు తప్పక తీసుకెళ్లాలి.

ఎంతసేపున్నా గుహ చీకటికి కళ్లు అలవాటుపడవు, ఎందుకంటే అక్కడ అసలు వెలుతురే ఉండదు. ఒక్కొక్కరి దగ్గర మూడు దీపాలు ఉండాలి. అందులో ఒకటి హెల్మెట్ మీద ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి. దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి చూడాలి. తిరుగు ప్రయాణంలో అదే దారి వేరేలా కనిపిస్తుంది. బృందంలో కనీసం నలుగురు ఉండాలి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఇద్దరు సాయం కోసం వెళ్తారు. ఏ గుహకు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో బయట ఒకరికి చెప్పి వెళ్లాలి.

ముట్టుకోకూడని బొట్టు

అరకు దగ్గరి బొర్రా గుహల్లో పైకప్పు నుంచి వేలాడే స్టాలక్టైట్ అనే సున్నపు కడ్డీ కొసన ఒక నీటిబొట్టు నిలిచి ఉంటుంది. అందులోని కార్బన్ డయాక్సైడ్ గుహ గాలిలోకి పోగానే, కరిగి ఉన్న సున్నం బొట్టు అంచున సన్నని వలయంగా పేరుకుంటుంది. వలయం మీద వలయం చేరి బోలు గొట్టం అవుతుంది. గొట్టం పూడుకుపోయాక నీరు బయటినుంచి జారి దాన్ని లావు చేస్తుంది. సాధారణంగా ఏడాదికి ఒక మిల్లీమీటరైనా పెరగదు. చేత్తో తాకితే చర్మం మీది జిడ్డు అంటుకుని అక్కడ పెరుగుదల ఆగిపోవచ్చు. వేల ఏళ్ల పనికి మన క్షణం సరదా అడ్డు కాకూడదు. గబ్బిలాలనూ కదిలించకూడదు. వాటి ఎండిన రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే శిలీంధ్రం ఉండవచ్చు.

వెళ్లే ముందే స్నేహితులంతా ఒక మాట అనుకోవాలి: అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే బృందం వేగం. ఎవరు ‘వెనక్కి పోదాం’ అన్నా, కారణం అడగకుండా అందరూ తిరగాలి.